అప్‌డేట్: ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ చదువు ఎంతవరకు వచ్చిందంటే

ఇంటర్ ఎంపీసీ అయ్యాక నేరుగా ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌లో (తోటలు, పార్కుల్లాంటి ఆరుబయలు స్థలాలను డిజైన్ చేసే చదువు) డిగ్రీ చేయొచ్చా అని ఆమధ్య అడిగాను, కడియం దగ్గర మాకు నర్సరీ ఉందని కూడా చెప్పాను. జవాబిచ్చిన వాళ్లందరికీ థాంక్స్.

మన దగ్గర మామూలు దారి ఐదేళ్ల బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ), ఆపైన ల్యాండ్‌స్కేప్‌లో రెండేళ్ల పీజీ. విజయవాడ ఎస్‌పీఏలో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) రెండూ ఉన్నాయి కాబట్టి చూపు అటే. బీఆర్క్ సీటు కోసం జేఈఈ మెయిన్ పేపర్ 2ఏ రాయాలి, అందులో లెక్కలతో పాటు డ్రాయింగ్ కూడా ఉంటుంది. లెక్కలకు టెన్షన్ లేదు, డ్రాయింగే గండం. సాయంత్రాలు కాలవగట్టున కూర్చుని లాకులు, తూములు, కొబ్బరిచెట్లు గీస్తున్నాను. కొబ్బరాకు గీయడం ఎంత కష్టమో గీస్తేగానీ తెలియదు!

అసలు చిక్కు నాన్నతోనే. "మొక్కలు పెట్టడానికి ఏడేళ్ల చదువేంట్రా?" అన్నారు. వెనక మడిలోకి తీసుకెళ్లాను. మొన్నటి వానకి నీళ్లు నిలిచి, నల్ల కవర్లలో గులాబీ మొక్కల వేళ్లు కుళ్లిపోయాయి. డెల్టా నేలంతా బల్లపరుపు. వాలు ఎంత ఇవ్వాలి, నీళ్లు ఎటు పోవాలి అన్నది ముందే గీసుకోవడం ఈ చదువులో పెద్ద భాగమని చెప్పాను.

"అయితే ముందు ఈ మడికి గీయి" అన్నారు. ఒప్పుకున్నట్టే అనుకుంటున్నాను.