అరబ్బీ క్రియలు: 14 రూపాలూ బట్టీ పట్టించాలా?

అమలాపురం అమ్మ:
మా వాడు ఐదో తరగతి. బడి అయ్యాక మదరసాకి వెళ్తాడు. 'కతబ, కతబా, కతబూ...' (అతను రాశాడు, వాళ్లిద్దరూ రాశారు, వాళ్లంతా రాశారు...) అని 14 రూపాలూ ఎక్కంలా గడగడా అప్పజెప్పేస్తాడు. 'ఆమె రాసింది' ఏమిట్రా అంటే మాత్రం మొదటి నుంచి వేళ్లు మడుచుకుంటూ వచ్చి, నాలుగో వేలు దగ్గర 'కతబత్' అంటాడు. ఈ బట్టీ ఆపేసి వాక్యాలే నేర్పండని మదరసా గురువు హజ్రత్‌గారిని అడగాలనుంది. తప్పంటారా?

రాజోలు, కువైట్ నుంచి వచ్చేశా:
శుభ్రంగా అడగండమ్మా. ఎనిమిదేళ్లు డ్రైవరుగా చేశాను. 'తఆల్' (రా), 'రూహ్' (వెళ్లు)లతో మొదలెట్టి అవసరమైనదంతా నేర్చుకున్నాను. అక్కడ మాటల్లో ఇద్దరికంటూ వేరే క్రియారూపం ఎవరూ వాడరండి. పసివాళ్లకెందుకీ టెన్షన్?

భీమవరం, అరబ్బీ చెప్తాను:
అన్నగారూ, మీది పనిలో పట్టుబడ్డ అరబ్బీ. ఆ బాబుకి కావలసింది ఖురాన్ చదివి అర్థం చేసుకునే అరబ్బీ. అందులో రహ్మాన్ సూరా అనే అధ్యాయంలో 'తుకజ్జిబాన్' (మీరిద్దరూ కాదంటారు) 31 సార్లు వస్తుంది. జిన్నులనూ మనుషులనూ కలిపి 'మీరిద్దరూ' అంటున్నది ఆ చివరి 'ఆన్'తోనే. దాన్ని తీసేస్తే చెవికి అలవాటైన మాటే మనసుకెక్కదు. ఇక 'ఖాల' అంటే చెప్పాడు. 'చెప్పాను' అంటే 'ఖుల్తు', మధ్యలో దీర్ఘం పోతుంది. రూపాలు రాని పిల్లలు 'ఖాల్తు' అనేస్తారు. ఏటా వింటున్నాను, ఏటా దిద్దుతున్నాను.
ఆపా (అక్కా), ఒకటి మాత్రం మా తప్పే. వరసగానే అప్పజెప్పించుకుంటాం, మధ్యలోంచి అడగం.

అమలాపురం అమ్మ:
మధ్యలోంచి అడిగే పని ఇంట్లో చేసి చూశానండి. నాకు అరబ్బీ రాదు, రెండు ముక్కలు వాడి దగ్గరే నేర్చుకున్నాను. తెలుగులో కొడుకునైనా కూతురినైనా 'తిన్నావా' అనే అడుగుతాం కదా. అరబ్బీలో వాడికి 'అకల్త', చెల్లికి 'అకల్తి'. అన్నం దగ్గర వాడు చెల్లిని 'అకల్త?' అన్నాడు. 'నేను మగపిల్లాడినా?' అని అది పళ్లెం తోసేసింది. మర్నాటి నుంచి వాడు ఆ తప్పు మళ్లీ చేయలేదు. పట్టికలో రెండు నెలలుగా ఉన్న తేడా!
సరే, బట్టీ ఉండనీయండి. వరస తప్పించి అడగమని మాత్రం హజ్రత్‌గారికి చెప్తాను.

రాజోలు, కువైట్ నుంచి వచ్చేశా:
'అకల్తి' అంటే గుర్తొచ్చింది. మొదట్లో నేను పనిచేసే ఇంటి యజమానురాలితో 'రూహ్' అంటే పిల్లలంతా నవ్వారు, 'రూహి' అనాలట. అది ఒప్పుకుంటాను. ఇద్దరి రూపం మాత్రం నాకింకా దండగే.