నియంత మీద తిరగబడ్డవాళ్లకు బయటి దేశం ఆయుధాలిస్తే తప్పెక్కడ మొదలవుతుంది? (గ్రూప్-1 ఎస్సే కోసం)

అశోక్‌నగర్_రూమ్‌మేట్:
మెయిన్స్ జనరల్ ఎస్సేకి ప్రాక్టీసు టాపిక్‌గా ఇది ఇచ్చారు. మా బ్యాచ్‌లో అందరూ ఒకటే రాస్తున్నారు: నియంత దుర్మార్గుడు, ప్రజలు పాపం, కానీ సార్వభౌమత్వం ఉంది, కాబట్టి ఐక్యరాజ్యసమితి ద్వారా మధ్యేమార్గం. దీనికి మార్కులు పడవని తెలుసు. నా సందేహం వేరు. నియంత నిజంగానే దుర్మార్గుడు, తిరగబడ్డవాళ్ల కారణం న్యాయమైనదే అనుకుందాం. అప్పుడు కూడా సాయం చేసినవాడికి పాపం ఎక్కడ అంటుకుంటుంది? పేర్లు, సంవత్సరాలతో చెప్పండి. "చరిత్ర చదువుకో" అనే రిప్లైలు వద్దు ప్లీజ్.

కోఠి_పాతపుస్తకాలు:
పంపిణీ దగ్గర. మీ బ్యాచ్ వాళ్లు "తిరుగుబాటుదారులు" అని ఒకే ముద్దగా రాస్తున్నారు చూడండి, అక్కడే దొరికిపోతారు. తిరుగుబాటుదారులు ఏ దేశంలోనూ ఒక్క గుంపుగా ఉండరు. ఎవరికి ఎక్కువ తుపాకులు ఇస్తామో, నియంత పోయాక కుర్చీకి వాళ్లే దగ్గరవుతారు. అంటే ఆయుధాలిచ్చే దేశం నియంతను దించడం ఒక్కటే చేయట్లేదు, ఆ తర్వాత ఎవడు రావాలో కూడా నిర్ణయిస్తోంది. అక్కడి జనాన్ని అడగకుండానే.

ఆఫ్ఘనిస్తాన్ తీసుకోండి. కాబూల్‌లో సోవియట్ సైన్యం నిలబెట్టిన ప్రభుత్వం. దాని మీద తిరగబడ్డ ముజాహిదీన్లకు అమెరికా ఎంత ఇస్తే సౌదీ అంతే కలిపేది. సరుకు పాకిస్తాన్‌లో దిగేది, అక్కడి నుంచి ఎవరి వాటా ఎంతో తేల్చేది పాక్ గూఢచారి సంస్థ ఐఎస్ఐ. పెషావర్‌లో గుర్తింపు ఉన్న పార్టీలు ఏడు. ఏదో ఒక పార్టీ కండువా కప్పుకోని కమాండర్‌కి తూటా కూడా రాదు. అందరికంటే పెద్ద వాటా గుల్బుద్దీన్ హెక్మత్యార్‌కి. ఆయన వెనక అంత జనం ఉండి కాదు, ఐఎస్ఐకి నచ్చినవాడు కాబట్టి. 1989 ఫిబ్రవరి 15కి సోవియట్ సైన్యం వెళ్లిపోయింది, 1992 ఏప్రిల్‌లో వాళ్లు నిలబెట్టిన అధ్యక్షుడు నజీబుల్లా పడిపోయాడు. ఆ తర్వాత కాబూల్ మీద రాకెట్లు కురిపించింది ఇదే హెక్మత్యార్. సోవియట్లతో యుద్ధం నడిచినన్నాళ్లూ పెద్దగా దెబ్బతినని నగరాన్ని గెలిచినవాళ్లు తమలో తాము కొట్టుకుని నేలమట్టం చేశారు. 1996 సెప్టెంబరులో తాలిబాన్ వచ్చినప్పుడు అలసిపోయిన జనంలో కొందరు ఊపిరి పీల్చుకున్నారంటే, అంతకు ముందు నాలుగేళ్లు ఎలా గడిచాయో ఊహించుకోండి.

ఇంకో కోణం కూడా రాయండి, ఎవరూ రాయరు. మధ్యలో సరుకు దాచే దేశం. 1988 ఏప్రిల్ 10న రావల్పిండి దగ్గర ఓఝ్రీ ఆయుధ డిపో పేలింది. ముజాహిదీన్ల కోసం పేర్చిన రాకెట్లు రావల్పిండి, ఇస్లామాబాద్ జంట నగరాల మీద వచ్చి పడ్డాయి. ఆ యుద్ధంతో సంబంధం లేని మామూలు జనం చచ్చిపోయారు. విమానాల్ని, హెలికాప్టర్లని భుజం మీద నుంచే కూల్చే స్టింగర్ క్షిపణులైతే 1986 నుంచి రెండు వేలకు పైగా ఇచ్చి, యుద్ధం అయ్యాక వాటిని అసలు ఖరీదు కంటే ఎక్కువ పెట్టి తిరిగి కొనే పథకం ఒకటి అమెరికా నడపాల్సొచ్చింది. అన్నీ మాత్రం వెనక్కి రాలేదు.

లా_పాయింట్:
పైన చెప్పింది రాజకీయం. చట్టం వైపు ఒక్క తీర్పు గట్టిగా పట్టుకోండి, చాలు: నికరాగువా కేసు, అంతర్జాతీయ న్యాయస్థానం, 1986 జూన్ 27. అప్పుడు కోర్టు అధ్యక్షుడు మన నాగేంద్ర సింగ్. (ఈ ముక్క ఎస్సేలో ఎగ్జామినర్ కంట్లో పడుతుంది.)

నికరాగువా ప్రభుత్వం మీద తిరగబడ్డ కాంట్రాలకు అమెరికా ఆయుధాలు, శిక్షణ ఇవ్వడం బలప్రయోగం కిందకే వస్తుందని కోర్టు చెప్పింది. వట్టి డబ్బు ఇవ్వడం బలప్రయోగం కాదు గానీ, పరాయి దేశపు వ్యవహారాల్లో అక్రమ జోక్యమే. ఇంతవరకు అందరికీ తెలుసు. మీకు పనికొచ్చేది తర్వాతి మెలిక. కాంట్రాలు ఊళ్లలో చేసిన హత్యలకు అమెరికా బాధ్యురాలా? ఆ పనులు జరుగుతున్నప్పుడు వాళ్లు అమెరికా "సమర్థ నియంత్రణ"లో ఉన్నట్టు రుజువు కాలేదు కాబట్టి, ఆ నేరాలు అమెరికావి కావు అంది కోర్టు. వాళ్ల చేతిలో పెట్టిన గెరిల్లా మాన్యువల్ ద్వారా అలాంటి పనుల్ని ప్రోత్సహించిన తప్పు మాత్రం అంటగట్టింది.

దీంతో ఏమైందంటే, ఎంత దూరం నుంచి ఇస్తే చట్టపరంగా అంత క్షేమం. పక్కన కూర్చుని ఎవర్ని కాల్చాలో, ఎవర్ని కాల్చకూడదో చెప్పే దేశానికి బాధ్యత ఎక్కువ. డబ్బాలు దించేసి వెళ్లిపోయేవాడికి తక్కువ. నైతికంగా చూస్తే ఇది పూర్తిగా తలకిందులు. మీ ఎస్సేకి వెన్నెముక ఇదే అవ్వాలని నా అభిప్రాయం.

ఆయుధ వాణిజ్య ఒప్పందం (2014 డిసెంబరు 24 నుంచి అమల్లో ఉంది) కూడా ఈ కంత పూర్తిగా పూడ్చలేదు. ప్రభుత్వేతర గుంపులకు ఆయుధాలు వెళ్లే విషయంలో ఒప్పందం బలహీనంగా ఉందనేది భారత్ అభ్యంతరాల్లో ఒకటి. 2013 ఓటింగ్‌లో తటస్థంగా ఉన్నాం, ఇప్పటికీ చేరలేదు.

అశోక్‌నగర్_రూమ్‌మేట్:
సూపర్ సర్. అయితే మధ్యవర్తిని తీసేసి, మంచి గుంపును జల్లెడ పట్టి, నేరుగా ఇస్తే సమస్య తీరిపోతుందా?

బేగంపేట_రన్‌వే:
జల్లెడ పట్టి చూశారు తమ్ముడూ, సిరియాలో. 50 కోట్ల డాలర్ల పెంటగాన్ పథకం, మొదటి ఏడాదిలోనే ఐదు వేల మందికి పైగా తయారు చేయాలని లక్ష్యం. షరతు ఏంటంటే ఐసిస్ మీదే పోరాడాలి, నియంత అసద్ మీద కాదు. అసద్ బాంబులకు ఇళ్లు పోగొట్టుకున్నవాడు ఆ షరతుకి ఎందుకు ఒప్పుకుంటాడు? 2015 సెప్టెంబరులో జనరల్ లాయిడ్ ఆస్టిన్ సెనేట్ కమిటీ ముందు, యుద్ధంలో మిగిలింది "నలుగురో ఐదుగురో" అని ఒప్పుకున్నాడు. అదే నెలలో ఇంకో బ్యాచ్ లోపలికి వెళ్లి, దారి వదలడానికి తమ ట్రక్కుల్లో కొన్ని, తూటాలు అల్ ఖైదా శాఖ నుస్రాకు అప్పజెప్పింది. జల్లెడలో నిలిచినవాళ్లు నేలమీద బలహీనులు, నేలమీద బలవంతులు జల్లెడలో నిలవరు. చివరికి 2024 డిసెంబరు 8న అసద్‌ను దించింది కూడా ఆ నుస్రా నుంచే పుట్టిన సంస్థ.

కానీ నా లెక్కలో ఇంతకంటే ఘోరమైన తప్పు ఇంకోటి ఉంది. ఇచ్చేవాడి లక్ష్యం, పోరాడేవాడి లక్ష్యం ఒకటి కాకపోవడం, ఆ సంగతి పోరాడేవాడికి చెప్పకపోవడం. 1972 నుంచి ఇరాన్ షా, అమెరికా కలిసి ఇరాకీ కుర్దులకు ఆయుధాలిచ్చారు. బాగ్దాద్‌ని సతాయించడమే వాళ్లకు కావాల్సింది, కుర్దులు గెలవడం కాదు. 1975 మార్చి 6న అల్జీర్స్‌లో షా, సద్దాం చేతులు కలిపారు. సాయం ఒక్కసారిగా బంద్, సరిహద్దు మూత. లక్ష మందికి పైగా కుర్దులు ఇరాన్‌లోకి పారిపోయారు. వాళ్లు గెలవకూడదన్నదే ఉద్దేశమని తర్వాత అమెరికా కాంగ్రెస్‌లోని పైక్ కమిటీయే తేల్చింది.

1991లో అయితే ఆయుధం కూడా ఇవ్వలేదు, మాట ఇచ్చారు. ఫిబ్రవరి 15న బుష్ సీనియర్ ఇరాకీలు తామే సద్దాంను దించాలన్నాడు. దక్షిణాన షియాలు, ఉత్తరాన కుర్దులు లేచారు. మార్చి 3న సఫ్వాన్‌లో కాల్పుల విరమణ చర్చల్లో ఇరాకీ జనరళ్లు, వంతెనలు విరిగాయి, హెలికాప్టర్లు ఎగరనివ్వండి అని అడిగారు. అమెరికా జనరల్ ష్వార్జ్‌కాఫ్ సరే అన్నాడు. ఆ హెలికాప్టర్లతోనే తిరుగుబాటును అణిచేశారు. అందుకే ఎస్సేలో "మద్దతు" అంటే తుపాకులే అనుకుని రాయొద్దు. మైకులో ఇచ్చిన భరోసాకి కూడా ప్రాణాలు పోతాయి.

పాలమూరు_పోరగాడు:
అందరు కాబూల్, సిరియా తిరుగుతున్నరు గాని హైదరాబాద్‌ల కూసొని హైదరాబాద్ ముచ్చటే మరిసిండ్రు. 1947–48ల నిజాం రాజ్యం సరిహద్దుల పొంటి, ఇండియన్ యూనియన్ గడ్డ మీద స్టేట్ కాంగ్రెస్ క్యాంపులు నడిచినయి. అక్కడికెళ్లి వచ్చి కరోడ్‌గిరి (సుంకం) నాకాలు కొట్టుడు, నాందేడ్ దిక్కు ఉమ్రి బ్యాంకు కొల్లగొట్టుడు. అటు దిక్కు నిజాంకు సిడ్నీ కాటన్ అనేటోడు కరాచీ నుంచి ఇమానాలల్ల తుపాకులు మోసిండు. నిజాంకు, ఇండియాకు నడుమ యథాతథ ఒప్పందం ఉన్నప్పుడే ఇదంత.

రజాకార్ల దౌర్జన్యం నిజం, నిజాం పాలన పోవాలన్నది న్యాయం. దాంట్ల నాకు అనుమానం లేదు. గని 1948 సెప్టెంబరు 17 తర్వాత ఏమైందో గూడ రాయాలె. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ ఆ పోలీసు చర్యలో, దాని ఎనక 27 వేల నుంచి 40 వేల మంది సచ్చిపోయిండ్రని అంచనా ఏసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలల్ల ఎక్కువ. సచ్చినోళ్లల్ల ఎక్కువ మంది రజాకార్లతోని ఏ సంబంధం లేని ముస్లింలు. ఆ రిపోర్టు ఏండ్లకేండ్లు బయటికి రాలె.

ఇంకోటి. నిజాం మీద కొట్లాడిన కమ్యూనిస్టు దళాలు ఉండె గదా. నిజాంను దించిన సైన్యమే తెల్లారి వాళ్ల ఎంబడి పడ్డది, 1951 అక్టోబరు దాంక. ఒకే శత్రువు మీద కొట్లాడిండ్రని ఒకే పక్షం అయిపోరు.

లా_పాయింట్:
@పాలమూరు_పోరగాడు, ఉదాహరణ బలమైందే. ఒక జాగ్రత్త: హైదరాబాద్ "విదేశం" అవునా కాదా అన్నదే అప్పటి తగాదా, నిజాం 1948 ఆగస్టులో భద్రతామండలికి వెళ్లింది ఆ వాదనతోనే. ఎస్సేలో ఒక్క వాక్యం ఆ వివరణ లేకపోతే ఎగ్జామినర్ పట్టుకుంటాడు.

నారాయణగూడ_నైట్‌షిఫ్ట్:
అందరూ ఒకే రాగం పాడుతున్నారు, నేను ఒప్పుకోను. చేతులు కట్టుకుని కూర్చోవడం కూడా ఒక నిర్ణయమే. 1971లో యాహ్యా ఖాన్ సైన్యం తూర్పు బెంగాల్లో చేసినదానికి మన గడ్డ మీదకు కోటి మంది శరణార్థులు వచ్చారు. అక్కడ తిరగబడ్డ ముక్తి బాహినికి శిక్షణ, ఆయుధాలు ఇవ్వడం తప్పంటే ఆ కోటి మందికి ఏం చెప్తారు?

అది మిగతావాటికంటే ఎందుకు మెరుగ్గా ముగిసిందో చూడండి. ఎన్నికల్లో గెలిచిన పార్టీ ఉంది: 1970 డిసెంబరులో అవామీ లీగ్‌కి జాతీయ అసెంబ్లీలో తూర్పు పాకిస్తాన్ సీట్లు 162కి 160 వచ్చాయి. ఏప్రిల్ 17న ప్రమాణం చేసిన ప్రవాస ప్రభుత్వం ఉంది. అంటే ఎవరికి ఇవ్వాలన్నది ఢిల్లీ ఊహించుకున్నది కాదు, ఓటర్లు చెప్పింది. డిసెంబరు 16న లొంగుబాటు, మార్చికల్లా మన సైన్యం వెనక్కి. ఈ మూడూ కలిసి ఆఫ్ఘనిస్తాన్‌లో లేవు.

అలాగని అది కడిగిన ముత్యం కాదు. ప్రవాస ప్రభుత్వానికి జవాబుదారీ కాని ముజీబ్ బాహినిని 'రా' విడిగా తయారు చేసింది, ఆ ప్రభుత్వ ప్రధాని తాజుద్దీన్ అహ్మద్ దానికి అభ్యంతరం చెప్పినా. విజయం తర్వాత రెండు రోజులకే ఢాకాలో చేతులు కట్టేసిన మనుషులను విదేశీ ఫొటోగ్రాఫర్ల ముందే బాయొనెట్లతో పొడిచి చంపారు. అక్కడి ఉర్దూ మాట్లాడే బీహారీల మీద ప్రతీకారం సరేసరి.

అదే ఢిల్లీ 1983 తర్వాత శ్రీలంక తమిళ గుంపులకు శిక్షణ ఇచ్చినప్పుడు ఆ మూడూ గాలికొదిలేసింది. ఒకటి కాదు, ఐదు గుంపులకు ఇచ్చింది, ఒకరి మీద ఒకరు అదుపుగా ఉంటారని. 1986లో ఎల్టీటీఈ సాటి తమిళ గుంపు టెలోని ఊచకోత కోసింది. 1987 భారత్-శ్రీలంక ఒప్పందం తర్వాత మన శాంతి సేన 1,100 మందికి పైగా జవాన్లను పోగొట్టుకుంది. 1991 మే 21 శ్రీపెరంబుదూరు సంగతి చెప్పక్కర్లేదు. ఇక్కడ ఎదురుగా ఉన్నది నియంత కాదు, ఎన్నికైన ప్రభుత్వం. అది కూడా రాయండి. (కొసమెరుపు: శాంతి సేనను వెళ్లగొట్టడానికి శ్రీలంక అధ్యక్షుడు ప్రేమదాస ప్రభుత్వమే ఎల్టీటీఈకి ఆయుధాలిచ్చింది.)

అశోక్‌నగర్_రూమ్‌మేట్:
ఓటర్లు చెప్పిన పార్టీ, ప్రవాస ప్రభుత్వం, వెనక్కి రావడం: ఈ మూడిటితో మయన్మార్‌ని కొలిచి చూస్తా. చివరిగా ఒకటి: తుపాకులు కాకుండా మందులు, రేడియోలు, ట్రక్కులు లాంటివి ఇస్తే ఈ గొడవంతా ఉండదు కదా? ఇంకోటి, వ్యక్తులుగా మనం చందాలు పంపితే?

బేగంపేట_రన్‌వే:
రేడియో ఉంటే దాడికి సమన్వయం కుదురుతుంది, ట్రక్కు ఉంటే మోర్టారు కదులుతుంది. 2013 డిసెంబరులో సిరియా బాబ్ అల్ హవా దగ్గర అలాంటి "ప్రాణహాని లేని" సామాను గోదాములను వేరే గుంపు ఆక్రమించుకుంది. అమెరికా, బ్రిటన్ ఆ సాయం ఆపేశాయి. మయన్మార్ మీద రాసేటప్పుడు జుంటా (సైనిక ప్రభుత్వం), ప్రతిఘటన అని రెండు పెట్టెలు గీయకండి. రఖైన్ రాష్ట్రంలో 17 టౌన్‌షిప్‌లలో 14 జుంటా మీద పోరాడే అరకాన్ ఆర్మీ చేతిలోకి వెళ్లాయి. 2024 మేలో బుథిడాంగ్‌లో రోహింగ్యాల ఇళ్లు తగలబెట్టారన్న ఆరోపణ అరకాన్ ఆర్మీ మీదే ఉంది, వాళ్లు కాదంటున్నారు. అదే ఏడాది రోహింగ్యా యువకులను బలవంతంగా సైన్యంలోకి లాగింది జుంటా. మన హైదరాబాద్ బాలాపూర్‌లో ఉంటున్న రోహింగ్యాలకు ఇందులో "మన పక్షం" ఏదో మీరే చెప్పండి.

లా_పాయింట్:
మందుల మాట నికరాగువా తీర్పులోనే ఉంది. మానవతా సాయం జోక్యం కాకూడదంటే రెడ్‌క్రాస్ పద్ధతిలో, అవసరమైన అందరికీ తేడా లేకుండా అందాలి. కాంట్రాలకు, వాళ్ల కుటుంబాలకు మాత్రమే ఇస్తే అది జోక్యమే అంది కోర్టు.

చందాల సంగతి: భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 153 చూడండి (పాత ఐపీసీ 125). భారత్‌తో శాంతిగా ఉన్న విదేశీ ప్రభుత్వం మీద యుద్ధం చేసినా, ప్రయత్నించినా, దానికి ప్రేరేపించినా, తోడ్పడినా శిక్ష యావజ్జీవం దాకా ఉంది. పాత సెక్షన్లో "ఆసియా దేశం" అని ఉండేది, 2024 జులై 1 నుంచి ఏ విదేశమైనా వర్తిస్తుంది. అక్కడ ఉన్నది నియంతా కాదా అన్న ప్రశ్న ఆ సెక్షన్లో ఎక్కడా లేదు.