అప్‌డేట్: 'కైండ్ ఆఫ్ బ్లూ' పాత ఎల్‌పీ శ్రుతి కలవకపోవడానికి కారణం దొరికింది

అమెరికన్ జాజ్ ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' పాత ఎల్‌పీ (గ్రామఫోన్ రికార్డు)లో 'సో వాట్' ట్రాకు పెట్టుకుని కీబోర్డు వాయిస్తుంటే శ్రుతి కలవట్లేదని, రికార్డు కాస్త పైకి పలుకుతోందని అడిగాను కదా. విషయం తేలిపోయింది. సాయం చేసిన అందరికీ థాంక్స్.

టర్న్‌టేబుల్‌లో లోపం లేదు. మెకానిక్ స్ట్రోబ్ డిస్క్ (తిరిగే వేగాన్ని సరిచూసే గీతల పళ్లెం) పెట్టి చూశారు, వేగం సరిగ్గా నిమిషానికి 33⅓ చుట్లు. బెల్టుకీ, సూదికీ దీనితో సంబంధమే లేదు.

దారి చూపింది "రెండో వైపు తిప్పి వినండి" అన్న సలహా. ఆ వైపున్న 'ఆల్ బ్లూస్' కీబోర్డుతో చక్కగా కలిసింది! అంటే తేడా మొదటి వైపుకే. 'సో వాట్'తో సహా మొదటి వైపున్న మూడు ట్రాకులూ 1959 మార్చి 2న రికార్డు చేసినప్పుడు టేపు మెషీన్ కొంచెం నెమ్మదిగా తిరిగింది. ఆ టేపును మామూలు వేగంతో నడిపితే సంగీతం వేగంగా, పావు టోన్‌కు (కీబోర్డులో పక్కపక్క మెట్ల మధ్య తేడాలో సగానికి) దగ్గరగా పైకి వినిపిస్తుంది. ఏప్రిల్ 22న రికార్డయిన రెండో వైపుకు ఈ ఇబ్బంది లేదు. మొదటి సెషన్‌లోనే మరో మెషీన్ మీద తీసిన టేపు సరైన వేగంలో ఉండటంతో, 1992లో దాన్నుంచి సరిచేసి సీడీగా విడుదల చేశారు.

ఆ సీడీ విన్నాను. 'సో వాట్'లో పాల్ చాంబర్స్ బేస్ (మంద్రంగా పలికే తంత్రీ వాద్యం) ప్రశ్నలా పలికితే హార్న్స్ (ట్రంపెట్, శాక్సఫోన్‌లు) ఇచ్చే రెండు స్వరాల జవాబు ఇందులో మరింత నింపాదిగా ఉంది, నాకు ఇదే నచ్చింది. పాత ఎల్‌పీతోనే సాధన చేసేవాళ్లు మొదటి వైపుకు మాత్రం కీబోర్డు ఫైన్ ట్యూనింగ్ కొద్దిగా పెంచుకుంటే సరిపోతుంది.