సెస్నా 172లో సగం వాటా: ఇద్దరి జీతాల మీద అయ్యే పనేనా?

ఫ్రిస్కో నుంచి, కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి డాలస్ వైపు వచ్చి ఏడాది దాటింది. నేను, మా ఆవిడ ఇద్దరం హెచ్‌-1బీ మీదే ఉన్నాం, ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి, చిన్నపిల్లలు ఇద్దరు. మా ఆఫీసులో ఒకాయన తన 1976 సెస్నా 172లో (నాలుగు సీట్ల చిన్న విమానం) సగం వాటా 45 వేల డాలర్లకి ఇస్తానంటున్నాడు. "ఒక మంచి కారు ధర, అంతే కదా" అంటాడు. నాకు లైసెన్సు లేదు, నేర్చుకోవాలని మాత్రం చిన్నప్పటి నుంచీ ఉంది. శనివారాలు షుగర్‌ల్యాండ్ అష్టలక్ష్మి గుడికో, గాల్వెస్టన్‌కో పిల్లల్ని తీసుకెళ్లాలని ఆశ. వేసవిలో అత్తయ్య, మామయ్య కూడా వస్తున్నారు. మా ఆవిడ "తెలిసినవాళ్లని అడిగి తర్వాత మాట్లాడు" అంది. అందుకే అడుగుతున్నాను.

మెకినీ నుంచి:

తమ్ముడూ, డబ్బు సంగతి తర్వాత, ముందు కాగితాలు చూసుకో. అమెరికాలో విమానాన్ని వ్యక్తుల పేరు మీద రిజిస్టర్ చేయాలంటే వాళ్లు సిటిజన్ అయినా కావాలి, గ్రీన్‌కార్డ్ అయినా ఉండాలి. ఇద్దరి పేరు మీద పెడితే ఇద్దరికీ ఆ అర్హత ఉండాలి. హెచ్‌-1బీ వాడి పేరు ఆ కాగితం మీద చెల్లదు. ట్రస్టు పెట్టి దాని పేరు మీద ఉంచే పద్ధతి ఉంది కానీ దానికి లాయరు, ఏటేటా ఫీజు. పాత విమానంలో సగం వాటా కోసం అంత తతంగం దండగ. మీ ఆఫీసాయన "మనిద్దరి మధ్య ఒక అగ్రిమెంట్ రాసుకుందాం, రిజిస్ట్రేషన్ నా పేరు మీదే ఉంటుంది" అనొచ్చు. నీ 45 వేలు వేరేవాడి పేరు మీదున్న ఆస్తిలో పెట్టినట్టు. ఒప్పుకోకు.

నేర్చుకోవడానికి మాత్రం అడ్డు లేదు. నువ్వు సిటిజన్ కాదు కాబట్టి ట్రైనింగ్‌కి ముందు టీఎస్‌ఏ (రవాణా భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) క్లియరెన్స్ తీసుకోవాలి. ఫీజు కట్టి, వేలిముద్రలు ఇవ్వాలి. గ్రీన్‌కార్డ్ వాళ్లకీ ఇది తప్పదు. ఫ్లయింగ్ స్కూల్‌కి ఫోన్ చేయగానే "మీ దగ్గర సిటిజన్ కాని స్టూడెంట్లు ఉన్నారా" అని అడుగు. ఆ పేపర్లు రోజూ చూసేవాళ్ల దగ్గర పని తొందరగా అవుతుంది.

ఇంకొకటి, డబ్బు కట్టే ముందు పైలట్లకి చేసే మెడికల్ పరీక్ష చేయించుకో. ప్రైవేటు పైలట్‌కి థర్డ్ క్లాస్ చాలు, నలభై లోపు వయసుకి ఐదేళ్లు చెల్లుతుంది. మనవాళ్లలో బీపీ, షుగర్ మాత్రలు మామూలే కదా. అవి వాడుతుంటే అప్లికేషన్ పంపే ముందే ఎఫ్‌ఏఏ (విమానయానం చూసే ప్రభుత్వ సంస్థ) డాక్టరుతో మాట్లాడు. ఒకసారి "డిఫర్" అయితే, అంటే నిర్ణయం వాయిదా పడితే, ఫైలు ఎన్నాళ్లు తిరుగుతుందో చెప్పలేం.

ప్లేనో నుంచి:

అన్నయ్య చెప్పింది నిజం. లెక్క నేను వేసి పెడతాను, ఎందుకంటే "కారు ధర" అనే మాట దగ్గరే అందరూ బోల్తా పడతారు. కొనే ధర అసలు ప్రశ్న కాదు. ఏడాదికి ఎన్ని గంటలు ఎగురుతావన్నదే ప్రశ్న.

విమానం మొత్తం నీదే అనుకో. హ్యాంగర్ (విమానం పెట్టుకునే షెడ్డు) నెలకి 500 చొప్పున ఏడాదికి 6 వేలు. బయట కట్టేస్తే చవకే, కానీ మన నార్త్ టెక్సస్‌లో వసంతంలో పడే వడగళ్లకి అల్యూమినియం రెక్క ఎలా ఉంటుందో ఒకసారి చూస్తే నువ్వే హ్యాంగర్ వెతుక్కుంటావు. (దొరకడం కూడా అంత తేలిక కాదు, చాలాచోట్ల వెయిటింగ్ లిస్టే.) ఇన్సూరెన్సు 2 వేలు. కొత్త పైలట్‌కి అంతకన్నా ఎక్కువే అడగొచ్చు. ఏడాదికోసారి యాన్యువల్ ఇన్‌స్పెక్షన్ చట్టప్రకారం తప్పనిసరి. తనిఖీ ఖర్చు ఒకటి, తనిఖీలో బయటపడేవాటి ఖర్చు ఇంకొకటి. రెండూ కలిపి 3 వేలు వేసుకో. చిల్లరవి 500. మొత్తం 11,500. ఇది విమానం నేల మీద నిద్రపోతున్నా కట్టాల్సిందే.

ఇక గాల్లోకి లేచాక గంటకి ఎనిమిదిన్నర గ్యాలన్ల ఏవ్‌గ్యాస్ (విమానం పెట్రోలు), ఆరున్నర డాలర్ల లెక్కన 55. ఇంజన్ ఓవర్‌హాల్ (మొత్తం విప్పి మళ్లీ బిగించడం) రెండు వేల గంటలకి, దానికి 40 వేలు అనుకుంటే గంటకి 20 పక్కన పెట్టాలి. ఆయిలు, టైర్లు, మరమ్మతులకి 15. అంటే గంటకి 90.

ఏడాదికి 100 గంటలు ఎగిరితే గంటకి 205 డాలర్లు. 50 గంటలైతే 320. ముప్ఫైకి పడిపోయిందా, 470 పైనే. లోన్ వడ్డీ ఇందులో లేదు. అదే 172ని పెట్రోలుతో సహా గంటకి 180 అద్దెకి ఇచ్చే చోటు దొరికిందనుకో, ఈ లెక్కన దాదాపు 130 గంటలు దాటితే గానీ సొంతది గిట్టదు. ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఆదివారం తెలుగు బడి ఉన్న నాన్న ఏడాదికి 130 గంటలు ఎగురుతాడా? సగం వాటా అయితే నీ వంతు నిలువ ఖర్చు సగమవుతుంది నిజమే, కానీ నీ కోసం శనివారం ఖాళీగా ఉంటుందని గ్యారంటీ లేదు.

పైగా ఓవర్‌హాల్ ఎప్పుడైందో అడిగావా? లాగ్‌బుక్‌లో ఆ తర్వాత ఎగిరినవి 1,900 గంటలు కనబడితే 45 వేలతో పాటు ఇంకో 20 వేలు నీ వంతు రాసుకో.

అర్వింగ్ నుంచి:

మీ లెక్కలు బాగున్నాయి గానీ, లెక్కలు వేసుకుంటే ఎవడూ విమానం కొనడండీ. నేను సిటిజన్ అయ్యాక ఒక పాత పైపర్ విమానంలో మూడో వంతు తీసుకున్నాను. గంటకి ఎంత పడుతోందో ఇంట్లో చెప్పను. పొద్దున్నే ఆరింటికి గాలి లేనప్పుడు లేచి, కింద పొగమంచులో నీళ్ల ట్యాంకులు మాత్రం తేలుతుంటే చూడ్డానికి ఎవరు ఎంత కట్టినా తక్కువే. కాకపోతే "గుడికి వెళ్లి రావడానికి" అని మాత్రం కొనకండి. ప్రయాణ సాధనంగా అది పనికిరాదు. షుగర్‌ల్యాండ్‌కి గాల్లో రెండు గంటలు పైన. విమానం తనిఖీ, పెట్రోలు, ఇంటి నుంచి ఎయిర్‌పోర్టు, అక్కడ దిగాక కారు, అన్నీ కలిపితే డ్రైవ్ చేసినంతే. మధ్యాహ్నం ఉరుములొస్తే ఆ రాత్రి అక్కడే. సోమవారం ఆఫీసు స్టాండప్ మీటింగ్‌కి హోటల్ నుంచి లాగిన్ అవ్వాలి.

ప్లేనో నుంచి:

అత్తయ్య, మామయ్య విషయం ఎవరూ ముట్టుకోలేదు. ఆ కాలపు 172 నాలుగు సీట్లదే గానీ నలుగురిని మోసేది కాదు. మనుషులు, సామాను, పెట్రోలు కలిపి సుమారు 880 పౌండ్లు మోస్తుందనుకో. ట్యాంకులు నింపితే 38 గ్యాలన్లు, గ్యాలన్‌కి 6 పౌండ్లు, అంటే 228. మిగిలింది 650. నువ్వు 180, మీ ఆవిడ 140, మామయ్య 170, అత్తయ్య 150. 640 అయింది. పిల్లలు ఇంట్లో ఉన్నారు. ఆవకాయ జాడీ సంగతి మర్చిపో. ఆగస్టు ఎండలో బండి పైకి లేవడమే నిదానం, కాబట్టి ఆ అంకె దాకా వెళ్లడం మంచిది కూడా కాదు.

ఫ్రిస్కో నుంచి, కొత్త సభ్యుడు:

అందరికీ థాంక్స్ అన్నా. ఆయన ఇంకో మాట కూడా అన్నాడు: విమానాన్ని ఫ్లయింగ్ స్కూల్‌కి లీజుకిస్తే ఖర్చు అదే రాబడుతుందట.

మెకినీ నుంచి:

లీజుకిస్తే ప్రతి 100 గంటలకీ అదనపు ఇన్‌స్పెక్షన్ వస్తుంది, ఇన్సూరెన్సు ఎగబాకుతుంది, కొత్త స్టూడెంట్లు ల్యాండింగ్ గేర్‌ని విరగ్గొడతారు. అవన్నీ పక్కన పెట్టు. హెచ్‌-1బీ మీద ఉండి అద్దెల వ్యాపారం నడిపితే వీసాకి ఏమవుతుందో ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడకుండా సంతకం పెట్టకు.

నా మాట విని ఫ్లయింగ్ క్లబ్‌లో చేరు. ఒకసారి చేరిక ఫీజు, నెలనెలా కొంత చందా, ఎగిరిన గంటలకి అద్దె. విమానం క్లబ్బుది కాబట్టి రిజిస్ట్రేషన్ గొడవ నీది కాదు. ఏఓపీఏ (విమాన యజమానులు, పైలట్ల సంఘం) వెబ్‌సైట్‌లో ఊరు కొట్టి వెతుకు. లైసెన్సుకి చట్టం అడిగే కనీసం 40 గంటలు, మామూలుగా అరవై, డెబ్భై అవుతాయి. అవి పూర్తయ్యాక ఏడాది ఎన్ని గంటలు ఎగిరావో నీ లాగ్‌బుక్కే చెబుతుంది.

ఫ్రిస్కో నుంచి, ఆయన భార్య:

నమస్తే అండి, నేనే ఆ "మా ఆవిడ"ని. నాది ఒకటే ప్రశ్న. ఆయన నేర్చుకోవడం మొదలుపెడితే మా లైఫ్ ఇన్సూరెన్సు పని చేస్తుందా?

మెకినీ నుంచి:

మంచి ప్రశ్న చెల్లెమ్మా. పాలసీ కాగితంలో "ఏవియేషన్" అనే మాట ఎక్కడుందో వెతుకు. కొన్ని కంపెనీలు ప్రైవేటు పైలట్లకి ప్రీమియం పెంచుతాయి, కొన్ని ఆ ప్రమాదాన్నే మినహాయిస్తాయి. ఆఫీసు ఇచ్చే యాక్సిడెంట్ పాలసీల్లో "పైలట్‌గా ఉన్నప్పుడు చెల్లదు" అన్న లైను తరచుగా కనబడుతుంది. ఇంకా టర్మ్ పాలసీ తీసుకోకపోతే మొదటి క్లాసుకి ముందే తీసుకోండి, కానీ ఫారంలో ఫ్లయింగ్ నేర్చుకునే ఉద్దేశం ఉందా అని అడిగితే ఉందనే రాయించు.

ఫ్రిస్కో నుంచి, ఆయన భార్య:

సరే అండి. ఆఫీసాయనకి వద్దని చెప్పేశారు. క్లబ్బుల లిస్టు నేనే తీస్తున్నాను. అడిసన్‌లో చేరినవాళ్లు ఎవరైనా ఉంటే నెలకి చందా ఎంతో చెప్పగలరా?