అమెరికా, చైనా గొడవలో ఆర్డర్లన్నీ మనకే వస్తాయా?

మూసాపేట కుర్రాడు:
ఎమ్మెస్సీ ఆర్గానిక్ అయిపోయింది. జీడిమెట్లలో ఒక బల్క్ డ్రగ్ (మాత్రల్లో వాడే అసలు మందు పదార్థం) కంపెనీ పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌లో ఆఫర్ వచ్చింది. మా బాబాయ్ ఏమో "కళ్ళు మూసుకుని చేరిపో, అమెరికా వాళ్ళు చైనాను వదిలేస్తున్నారు, ఇక ఆర్డర్లన్నీ మనకే" అంటున్నారు. ఈ లైన్లో ఉన్నవాళ్ళు చెప్పండి, నిజమేనా?

చాయ్ బిస్కెట్:
వదిలేయడం ఎక్కడ తమ్ముడూ! 2025 ఏప్రిల్‌లో చైనా సరుకు మీద సుంకం 145 శాతానికి ఎక్కించారు. ఇటు చైనా, కార్ల మోటార్లలో వాడే రేర్ ఎర్త్ అయస్కాంతాల ఎగుమతికి లైసెన్స్ పెట్టగానే కార్ల కంపెనీలకు చెమటలు పట్టాయి. మే నెలలో జెనీవాలో కూర్చుని 30కి దించారు. బాబాయ్‌ని వాట్సాప్ కాస్త తగ్గించమను.

నీలం డ్రమ్ము:
నేను పర్చేజ్‌లో పంతొమ్మిదేళ్ళుగా ఉన్నాను. మా గోడౌన్‌కి వస్తే నీకే తెలుస్తుంది. ఎడమ పక్క చైనా అక్షరాల లేబుళ్ళతో దిగిన డ్రమ్ములు, కుడి పక్క అమెరికాకి వెళ్ళాల్సినవి. మధ్యలో ఆ సరుకును మందుగా మార్చే మన రియాక్టర్లు.

అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ సంగతే చూడు. దానికి మూలం పెన్సిలిన్-జి. బూజును పెద్ద ట్యాంకుల్లో పులియబెట్టి తీస్తారు. ఒకప్పుడు మనమే చేసేవాళ్ళం. చైనా రేటుకి తట్టుకోలేక ఒక్కొక్కరే ట్యాంకులు ఆపేశారు. అమెరికా నుంచి ఆడిట్‌కి వచ్చే కస్టమర్ పొద్దున అడిగేది ఒకటే: "ఇది చైనాదా? రెండో సోర్స్ ఉందా?" ఉంది సార్, కాకపోతే కిలోకి ఇంత ఎక్కువ పడుతుంది అంటాం. తల ఊపి రాసుకుంటాడు. మధ్యాహ్నం బిర్యానీ తిన్నాక రేటు మాట్లాడేటప్పుడు మాత్రం చైనా కొటేషనే ముందు పెడతాడు!

ఇంకోటి. 2020 జూన్‌లో మన ప్రభుత్వం 59 చైనా యాప్‌లు ఆపేసినప్పుడు, వాళ్ళ వాట్సాప్ లాంటి వీచాట్ కూడా పోయింది. మా సప్లయర్లందరూ అందులోనే ఉండేవాళ్ళు. వాట్సాప్ అక్కడ మామూలుగా పనిచేయదు. ఏళ్ళ తరబడి మాట్లాడుకున్న రేట్లు, బ్యాచ్ ఫొటోలు ఒక్క దెబ్బకి పోయాయి. చైనాలోని నింగ్బోలో ఒక సేల్స్ ఆవిడ ఉండేది. అసలు పేరు ఇప్పటికీ తెలీదు, మాతో మాట్లాడటానికి అమెరికా పేరు పెట్టుకుంది. దీపావళికి అందరికన్నా ముందు మెసేజ్ ఆవిడదే వచ్చేది. ఇప్పుడు ఈమెయిల్‌లో "డియర్ సర్" అని రాస్తోంది.

కాకినాడ కాజా:
అన్నా, మా కాకినాడ దగ్గర పెన్సిలిన్-జి ప్లాంటు వచ్చింది కదా. 2020లో కేంద్రం బల్క్ డ్రగ్స్‌కి పీఎల్ఐ (ఇక్కడే తయారుచేసే కంపెనీలకు ప్రోత్సాహక సొమ్ము ఇచ్చే పథకం) కింద 6,940 కోట్లు ప్రకటించింది కూడా. అవి లెక్కలోకి రావా?

నీలం డ్రమ్ము:
ఎందుకు రావండీ, ఆ ప్లాంటు చూసి నాకూ సంతోషమే. కానీ మనవాళ్ళు ట్యాంకులు తిప్పడం మొదలుపెట్టాక చైనా రేటు ఇంకా దిగింది. ఆ తేడా ఎవరు భరించాలి? నా టేబుల్ మీద రెండు కొటేషన్లు ఉంటే మా ఎండీ సంతకం ఏ కాగితం మీద పడుతుందో నాకు ముందే తెలుసు. నిజం చెప్పాలంటే నేనూ అదే పైన పెట్టి పంపిస్తాను.

తమ్ముడూ, ఆఫర్ మంచిదే, చేరు. సంక్రాంతి సెలవు మీద మాత్రం ఆశ పెట్టుకోకు. చైనా కొత్త సంవత్సరానికి వాళ్ళ ఫ్యాక్టరీలు మూసేలోపు సరుకు ఓడ ఎక్కాలి. పోయిన భోగి నాడు మా ఇంటి ముందు మంట వేస్తుంటే నేను మేడ మీద షిప్పింగ్ ఏజెంటుతో ఫోన్లో ఉన్నాను.