కంపోస్ట్ టీకి ఎయిర్ స్టోన్లా, ఉత్త పైపా? అసలు గాలి కొట్టాలా?

మొక్కలపిచ్చి:
పచ్చిగా తినే ఆకుకూరల మీద చల్లడానికి కంపోస్ట్ టీ (కంపోస్ట్‌ని నీళ్లలో నానబెట్టి తీసే సారం) చేస్తున్నా. 20 లీటర్ల బకెట్, రెండు గొట్టాల అక్వేరియం పంపు, రెండు ఎయిర్ స్టోన్లు (సన్న రంధ్రాల్లోంచి బుడగలు వదిలే రాళ్లు). కంపోస్ట్ బట్టసంచిలో కట్టి వేలాడదీసి, ఒక కప్పు మొలాసిస్ (చెరకు మడ్డి) పోస్తాను. మొదటి రాత్రి నురగ బాగానే వస్తుంది. రెండో రోజు సాయంత్రానికి మురుగు వాసన. స్టోన్లు బయటికి తీస్తే చేతికి జిగురు, బుడగలు ఒక పక్క నుంచే వస్తున్నాయి. పెద్ద పంపు కొనాలా, స్టోన్లు తీసేసి పైపు పెట్టాలా?

పైపుపంతులు:
స్టోన్లు పారేయండి. సూక్ష్మజీవుల్ని పెంచే నీళ్లలో సన్న రంధ్రాలు పూడుకుపోక ఏమవుతాయి? పీవీసీ పైపుకి చిన్న బెజ్జాలు పెట్టి బకెట్ అడుగున చుట్టూ అమర్చండి. అయ్యాక బ్రష్ పెట్టి తోమితే సరి. బుడగ లావుగా ఉన్నా నీళ్లు అడుగు నుంచి పైకి తిరుగుతాయి, కావాల్సింది అదే.

బుడగలరాయుడు:
పంతులు గారూ, సగమే ఒప్పుకుంటా. అంతే గాలిని సగం సైజు బుడగలుగా విడగొడితే నీటిని తాకే ఉపరితలం రెట్టింపవుతుంది. చిన్న పంపుకి పెద్ద బెజ్జాల పైపు తగిలిస్తే నాలుగు బుడగలు గుడగుడమని పోతాయి, అంతే. మీ పద్ధతి పెద్ద పంపులకి. స్టోన్‌ని ప్రతిసారీ హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో నానబెట్టి ఆరబెడితే చాలాకాలం పనిచేస్తుంది. అన్నట్టు, పంపు నీటిమట్టానికి పైన ఉందా? కరెంటు పోతే నీళ్లు గొట్టం గుండా వెనక్కి పంపులోకి వచ్చేస్తాయి.

పేడపురుగు:
ఇద్దరూ గాలి దగ్గరే ఆగిపోయారు. ఆ కప్పు మొలాసిస్ సంగతి ఎవరూ అడగరేం?

20 డిగ్రీల నీళ్లలో ఆక్సిజన్ నిండుగా కరిగినా లీటరుకు సుమారు 9 మి.గ్రా. మించదు. 30 డిగ్రీలకి అది 7.5కి పడిపోతుంది. గాలి కొట్టే టీని ప్రచారంలోకి తెచ్చిన నేల సూక్ష్మజీవుల శాస్త్రవేత్త ఎలైన్ ఇంగ్‌హామ్ 6కి తగ్గకూడదంటారు. అంటే వేడి నీళ్లలో మీకున్న వెసులుబాటు ఒకటిన్నర మి.గ్రా. మాత్రమే. తీపి దొరికిన బ్యాక్టీరియా ఎగబడి పెరుగుతుంది, పంపు ఇచ్చేదానికంటే ఎక్కువ ఆక్సిజన్ లాగేస్తుంది. మొదట నురగ, తర్వాత కంపు అంటే జరిగింది ఇదే. ఆ జిగురూ బ్యాక్టీరియా చలవే. పంపు పెంచేముందు మేత తగ్గించండి. ఒక చెంచా చాలు, అసలు వేయకపోతే ఇంకా మంచిది. 24 గంటలకే దించేయండి.

నాకునమ్మకంలేదు:
ఇంత తంటా దేనికండీ? వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన లిండా చాకర్-స్కాట్ ఈ టీకి గట్టి ఆధారాల్లేవని ఏళ్ల తరబడి చెబుతున్నారు. బాట్రిటిస్ బూజు మీద గాలి కొట్టని టీ పనిచేసిన ప్రయోగాలూ ఉన్నాయి. పైగా కంపోస్ట్‌లో మనకి జబ్బు చేసే ఈ.కోలై, సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా కొంచెం మిగిలుంటే మొలాసిస్ వాటినీ మేపుతుంది, పంపు తిరుగుతున్నా సరే. నేను కంపోస్ట్‌ని నీళ్లలో కలిపి, వడగట్టి, వెంటనే మొక్క మొదట్లో పోసేస్తా. పంపు లేదు, టెన్షన్ లేదు.

బుడగలరాయుడు:
ఆధారాలే లేవంటే ఎలా? దోస నారుకి వచ్చే పిథియం కుళ్లు మీద 2004లో షూరెల్, మహాఫీ ప్రచురించిన ప్రయోగాల్లో, కెల్ప్ (సముద్రపు నాచు), హ్యూమిక్ యాసిడ్ కలిపి గాలి కొట్టిన టీ అన్నిటికంటే నిలకడగా పనిచేసింది.

నాకునమ్మకంలేదు:
అది కుండీలో నారు. మీరు చల్లేది పచ్చిగా తినే ఆకుల మీద.

పేడపురుగు:
ఈ మాటకి మాత్రం నా ఓటు ఆయనకే. పచ్చిగా తినే ఆకుల మీద నేనూ కొట్టను. రోగం తగ్గుతుందన్న హామీ కూడా ఇవ్వను. కానీ గాలి కొట్టి చేయాలనుకున్నాక దాన్ని కుళ్లబెట్టడం దేనికని నా గోల.

మొక్కలపిచ్చి:
సరే, పంపు కొనను. ఈసారి అదే పంపు, కడిగిన స్టోన్లు, మొలాసిస్ లేకుండా పెడతా. సంచి మాత్రం గట్టిగా కుక్కి కడుతున్నా, ఫర్వాలేదా?

పేడపురుగు:
అక్కడే సగం పాడవుతోంది! కుక్కిన సంచి మధ్యలోకి గాలి పోదు, బయట నీళ్లు బాగున్నా లోపల ముద్ద కుళ్లుతుంది. సగమే నింపి వదులుగా కట్టండి. ఒక స్టోన్ సరిగ్గా సంచి కింద పెట్టండి. పంపు ఆపాక ఆ పూటే వాడేయండి, సీసాలో దాచొద్దు.