అప్‌డేట్: టైఫాయిడ్ టీకాలో టెటనస్ ప్రోటీన్ ఎందుకు?

పాత టైఫాయిడ్ టీకా రెండేళ్లలోపు పిల్లలకి ఎందుకివ్వరు, కొత్తది 6 నెలలకే ఎలా ఇస్తున్నారు అని అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. మా పిల్లల డాక్టరుగారినీ అడిగాక లెక్క తేలింది.

పాతదాంట్లో ఉండేది బ్యాక్టీరియా పైపొరలోని చక్కెర ఒక్కటే. యాంటీబాడీలు తయారుచేసే బి కణం దాన్ని పట్టుకుంటుంది గానీ, దానికి సాయం చేసే రోగనిరోధక కణానికి (సహాయక టి కణం) చూపించడానికి ప్రోటీన్ ముక్క ఉండదు. అందుకే రెండేళ్లలోపు పిల్లల్లో సరిగా పనిచేయదు, పెద్దవాళ్లలోనూ జ్ఞాపకం సరిగా నిలవదు, మూడేళ్లకోసారి మళ్లీ వేయించుకోవాలి.

కొత్తదాంట్లో ఆ చక్కెరకి టెటనస్ టాక్సాయిడ్ (విషగుణం తీసేసిన టెటనస్ ప్రోటీన్) అతికించారు. చక్కెర కోసం వచ్చిన బి కణం ప్రోటీన్‌నీ కలిపి మింగేసి, ముక్కలు చేసి పైన పెట్టి చూపిస్తుంది. టెటనస్‌ని గుర్తుపట్టిన టి కణం తన పైనుండే సీడీ40 లైగాండ్ అనే ప్రోటీన్‌తో బి కణానికి సరేనని సిగ్నల్ ఇస్తుంది. తమాషా ఏంటంటే, ఇంత సాయం చేసే టి కణానికి టైఫాయిడ్ సంగతే తెలియదు! ఆ సిగ్నల్‌తోనే లింఫ్ గ్రంథుల్లో మెమరీ బి కణాలు తయారవుతాయి.

హైదరాబాద్‌లో తయారయ్యే టైప్‌బార్ టీసీవీ (టైఫాయిడ్ కాంజుగేట్ వ్యాక్సిన్) ఈ రకమే. పాపకి వచ్చే నెల వేయిస్తున్నాం.